30 సెకన్ల ప్రొడక్ట్ యానిమేషన్: ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఒక్కటే సరిపోద్దా, బ్లెండర్‌లోకి దిగాల్సిందేనా?

టైమ్‌లైన్_తమ్ముడు
అందరికీ నమస్తే. ఒక చిన్న పోర్టబుల్ స్పీకర్‌కి 30 సెకన్ల ప్రొడక్ట్ వీడియో చేసే పని వచ్చింది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (అడోబీ వాళ్ళ మోషన్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్) బాగానే వచ్చు, ఇప్పటిదాకా లోగోలు, టైటిల్స్, ఎక్స్‌ప్లెయినర్ వీడియోలు చేశా, త్రీడీ మాత్రం పెద్దగా ముట్టుకోలేదు. వీళ్ళు అడిగేదేంటంటే స్పీకర్ చీకట్లోంచి మెల్లగా బయటపడాలి, తిరగాలి, మధ్యలో పార్టులన్నీ విడిపోయి లోపలున్న డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం), బ్యాటరీ, పక్కల పాసివ్ రేడియేటర్లు (బేస్ పెంచే పొరలు) కనపడాలి, మళ్ళీ మూసుకుపోవాలి, చివర్లో లోగో. ఫొటోలు ఇచ్చారు, వాళ్ళ ఇంజనీర్ల దగ్గర్నుంచి స్టెప్ ఫైల్ కూడా ఇచ్చారు, అది దేంట్లో తెరవాలో కూడా తెలీట్లేదు. ఇదంతా ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే అయిపోద్దా లేక బ్లెండర్ (ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాల్సిందేనా? గ్రాఫిక్స్ కార్డు 8 జీబీ. ఎక్కడ మొదలెట్టమంటారు?

వెలుగునీడ
పార్టులు విడిపోవాలి అన్నారంటే త్రీడీ తప్పదు తమ్ముడూ, ఆ ఒక్క షాట్ ఫొటోలతో రాదు. కానీ సాఫ్ట్‌వేర్ సంగతి కాసేపు పక్కన పెట్టు. ముందు కాగితం మీద షాట్లు రాసుకో. వీడియో చూసినవాడికి చివరికి ఏం గుర్తుండాలి? నీళ్ళు పడ్డా పాడవదు అనా, సైజు చిన్నదైనా బేస్ గట్టిగా వస్తుంది అనా, ఛార్జింగ్ ఎక్కువసేపు ఉంటుంది అనా? 30 సెకన్లలో రెండు విషయాలు మనసుకెక్కితే అదే గొప్ప, మూడోది పెట్టావంటే మొదటిది పోద్ది. అది క్లయింట్ చేతే చెప్పించు, రాతపూర్వకంగా తీసుకో.

తర్వాత యానిమాటిక్. అంటే ఫొటోలూ, చేత్తో గీసిన బొమ్మలూ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పడేసి, మ్యూజిక్ కింద పెట్టి, ఏ షాట్ ఎన్ని ఫ్రేములో తేల్చేసుకోవడం. 30 సెకన్లు సెకనుకి 25 ఫ్రేములంటే 750 ఫ్రేములు. త్రీడీలో ఒక్కో ఫ్రేముకి రెండు నిమిషాలు పట్టిందనుకో, 25 గంటల రెండర్ (కంప్యూటర్ లెక్కకట్టి ఫ్రేముల్ని బొమ్మలుగా తీసే పని). యానిమాటిక్ ఓకే అవ్వకుండా అది మొదలెట్టావంటే ఆ తర్వాత "ఈ షాట్ కొంచెం పొడిగించండి" అన్న ప్రతిసారీ మళ్ళీ గంటలు గంటలు కూర్చోవాలి. నేనైతే యానిమాటిక్ మీద ఓకే రాకుండా ఒక్క లైటు కూడా పెట్టను.

ఫొటోపొరలు
నేను కొంచెం వేరేగా చెప్తా. అందరూ త్రీడీ త్రీడీ అంటారుగానీ మంచి ఫొటో చేతిలో ఉన్నప్పుడు దాని నిజం ఏ రెండర్‌కీ అంత తేలిగ్గా రాదు. ఫొటోని పొరలుగా కోసి, వెనకాల నీడ విడిగా, ముందు గ్రిల్ విడిగా, బటన్ల మీద మెరుపు విడిగా పెట్టి, లేయర్లకి త్రీడీ స్విచ్ వేసి కెమెరా మెల్లగా జరిపితే చూసేవాడికి ఫొటో అన్న సంగతే తట్టదు. మెరుపు కోసం ఒక మెత్తని తెల్ల సాలిడ్ (ఒకే రంగు పొర) తీసుకుని, ప్రొడక్ట్ ఆకారాన్నే ట్రాక్ మ్యాట్‌గా ఇచ్చి (అంటే ఆ ఆకారం లోపలే కనపడేలా), స్క్రీన్ మోడ్‌లో (కింది బొమ్మని వెలిగించేలా) ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిపించు, లైటు దాని మీంచి పాకినట్టే ఉంటుంది. గంటలో అయ్యే పని. కొత్తగా ఒక సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూ దాంట్లోనే డెడ్‌లైన్ ఉన్న పని చెయ్యడం మంచిది కాదని నా అభిప్రాయం.

వెలుగునీడ
ఫొటోపొరలు గారూ, మీరన్నది క్లోజప్‌లకి నూటికి నూరుపాళ్ళు నిజం. కాకపోతే ఫొటోలో లైటు ఫొటోలోనే అతుక్కుపోయి ఉంటుంది కదా, వస్తువు కొంచెం పక్కకి తిరిగితే మెరుపు దాంతోపాటే తిరుగుతుంది, అక్కడ దొరికిపోతాం. నిజం వస్తువు తిరిగితే మెరుపు ఉన్నచోటే ఉండి వస్తువు దానికిందనుంచి జారిపోవాలి. అందుకే తిరిగే షాటూ, విడిపోయే షాటూ త్రీడీలో, బటన్ క్లోజప్, బట్ట అల్లిక క్లోజప్ మీరు చెప్పినట్టు ఫొటోలతో, టెక్స్టూ లోగో మామూలుగా ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో. అప్పుడు త్రీడీ భాగం 750 ఫ్రేముల్లో సగం కూడా ఉండదు.

ఫొటోపొరలు
ఆ లెక్కన నాకూ సమ్మతమే. ఒక్క మాట, ఫొటో షాటూ రెండర్ షాటూ పక్కపక్కన వచ్చినప్పుడు లైటు వచ్చే దిక్కు ఒకటే ఉండాలి, లెన్స్ కూడా దగ్గరగా ఉండాలి. ఫొటో 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీసుంటే బ్లెండర్ కెమెరాలో కూడా అదే పెట్టాలి, అక్కడ సెన్సార్ సైజు కూడా కెమెరాదే ఇవ్వాలి. ఫొటో ఫైల్ ప్రాపర్టీస్‌లో ఫోకల్ లెంగ్త్ ఉంటుంది, చూసుకో తమ్ముడూ. చిన్న వస్తువుని వైడ్ లెన్స్‌తో దగ్గర్నుంచి చూపిస్తే ముందున్న మూల ఉబ్బిపోయి బొమ్మలా కనిపిస్తుంది.

పాలీగాన్_పిల్ల
స్టెప్ ఫైల్ సంగతి నేను చెప్తా, నా రోజువారీ పని అదే.

స్టెప్ అంటే ఇంజనీరింగ్ ఫైల్, దాంట్లో పాలీగాన్లు (చిన్న చిన్న పలకలు) ఉండవు, గణితంతో గీసిన ఉపరితలాలు ఉంటాయి. బ్లెండర్ దాన్ని నేరుగా తెరవదు, యాడాన్ కావాలి, లేదా ఫ్రీక్యాడ్‌లో తెరిచి మెష్‌గా (ఆ పలకల వలగా) ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఫ్రీక్యాడ్ ఉచితమే. సినిమా ఫోర్‌డీ (ఇంకో త్రీడీ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళకైతే ఆ బాధ లేదు, అది స్టెప్‌ని లోపలికి తీసుకుంటుంది. మెష్ చేసేటప్పుడు ఎంత నున్నగా కావాలో అడుగుతుంది, అక్కడ మరీ ఎక్కువ పెట్టావంటే లక్షల్లో ముక్కలొచ్చి నీ 8 జీబీ నిండిపోద్ది, మరీ తక్కువ పెడితే గుండ్రటి అంచు పలకలు పలకలుగా కనపడుద్ది. బయటికి కనపడే పార్టులు ఒక రకంగా, లోపలివి ఇంకో రకంగా, రెండు సార్లుగా ఎక్స్‌పోర్ట్ చేస్కో.

తెరవగానే చెయ్యాల్సిన మొదటి పని స్కేల్ చూడటం. ఇంజనీర్లు మిల్లీమీటర్లలో గీస్తారు, బ్లెండర్ మీటర్లనుకుంటుంది, 80 మిల్లీమీటర్ల స్పీకర్ 80 మీటర్ల మేడయి కూర్చుంటుంది. చూడ్డానికి తేడా ఏం తెలీదు, కానీ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఆన్ చేస్తే వెనకాల అసలు బ్లర్ అవ్వదు, లైట్ల పవర్ ఎంత పెంచినా చాలదు. 0.001తో తగ్గించి, స్కేల్ అప్లై చేసి, అప్పుడు మొదలెట్టు.

తర్వాత లోపలున్న స్క్రూలు, క్లిప్పులు, సర్క్యూట్ బోర్డు మీది చిల్లర పార్టులు, కెమెరాకి కనపడనివన్నీ తీసెయ్. ఒక కాపీ దాచుకుని తియ్. ఆ తర్వాత అంచులు. స్టెప్ ఫైల్‌లో చాలా అంచులు కత్తి అంచుల్లా ఉంటాయి, నిజం ప్లాస్టిక్‌కి అలాంటి అంచు ఉండదు, ఎంత పదునుగా కనిపించినా కొద్దిగా గుండ్రంగా ఉండి అక్కడ సన్నటి మెరుపు గీత పడుద్ది. ఆ గీతే రెండర్‌ని నిజం చేస్తది. బెవెల్ మాడిఫయర్ (అంచుల్ని గుండ్రంగా చేసేది) వెయ్యి, మెష్ గజిబిజిగా ఉండి బెవెల్ సరిగ్గా పడకపోతే సైకిల్స్‌లో (బ్లెండర్‌లో నాణ్యమైన రెండర్ ఇంజన్) మెటీరియల్ లోపలే బెవెల్ నోడ్ ఉంది, అంచు గుండ్రంగా ఉన్నట్టు షేడింగ్‌లోనే చూపిస్తది. ముక్క మీద ఎక్కడైనా నల్ల మచ్చలు కనిపిస్తే నార్మల్స్ (ఉపరితలం ఏ వైపు చూస్తోందో చెప్పేవి) తిరగబడ్డాయని అర్థం, వాటిని బయటికి తిప్పు.

టైమ్‌లైన్_తమ్ముడు
అక్కా చాలా థాంక్స్, స్కేల్ విషయం అచ్చు మీరన్నట్టే ఉంది, ఇప్పుడే చూశా. షాట్ల లిస్ట్ కూడా పంపించాను, వాళ్ళు రెండు పాయింట్లే ఖాయం చేశారు, నీళ్ళు పడ్డా ఏం కాదు, సైజుకి మించి బేస్. ఛార్జింగ్ సంగతి చివర్లో టెక్స్ట్‌గా వేస్తే చాలన్నారు. యానిమాటిక్ కూడా దాదాపు అయింది.

ఇంకో ప్రశ్న. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 2024 వెర్షన్ల నుంచి అడ్వాన్స్డ్ త్రీడీ రెండరర్ వచ్చింది కదా, జీఎల్‌బీ (ఒక త్రీడీ ఫైల్ రకం) మోడల్‌ని టైమ్‌లైన్‌లోకే లాక్కోవచ్చు, హెచ్‌డీఆర్ఐ (చుట్టూ ఉన్న వెలుగుని పట్టిన ఫొటో) లైటింగ్ కూడా ఇస్తోంది, మరి బ్లెండర్ ఎందుకు?

వెలుగునీడ
చిన్నగా కనిపించే షాట్‌కో, టెక్స్ట్ పక్కన తిరుగుతుండే మోడల్‌కో అది హాయిగా ఉంటుంది, వాడుకో. కానీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లో పుట్టినప్పట్నుంచీ పొరల మీద పొరలు పేర్చే కంపోజిటింగ్ మనిషి. మెటీరియల్ నోడ్స్, లైటుకి ఆకారం ఇచ్చి అది రబ్బరు మీద ఎలా పడుతుందో దిద్దుకోవడం, ఇవన్నీ బ్లెండర్‌లో చేసినంత సుఖంగా అక్కడ చెయ్యలేవు. హీరో షాట్ మొత్తం లైటింగ్ మీదే నిలబడుతుంది కాబట్టి అది బ్లెండర్‌లోనే చెయ్యి. ఈవీలో (బ్లెండర్‌లో వేగమైన రెండర్ ఇంజన్) ప్రివ్యూ, సైకిల్స్‌లో ఫైనల్.

టైమ్‌లైన్_తమ్ముడు
సరే అన్నా. ఇప్పుడు కదలిక విషయం. విడిపోయే షాట్ రంగులూ లైట్లూ లేని గ్రే మోడల్‌తో చేసి చూశా, అన్ని కీఫ్రేములకీ (కదలిక మొదలయ్యే, ఆగే గుర్తులు) ఈజీ ఈజ్ ఇచ్చా కూడా, అయినా మెషిన్ డోర్లు తెరుచుకున్నట్టు ఉంది, ప్రీమియంగా లేదంటున్నారు. ఎక్కడ తేడా కొడుతోందో నాకు దొరకట్లేదు.

గ్రాఫ్_గీత
ఈజీ ఈజ్ అంటే ఎఫ్9 నొక్కితే వచ్చేది రెండు వైపులా 33.33 శాతం ఇన్‌ఫ్లుయెన్స్, అంటే మెల్లగా బయల్దేరడం, మెల్లగా ఆగడం ఎంతమేర ఉండాలో చెప్పే అంకె. ప్రతివాళ్ళూ అదే నొక్కుతారు కాబట్టి ప్రతి వీడియో ఒకేలా కదులుతుంది. గ్రాఫ్ ఎడిటర్ తెరువు. బ్లెండర్‌లోనూ ఉంది, పేరూ అదే. ఈజ్ రెండువైపులా సమానంగా ఉన్నంతకాలం మెషిన్ డోరే కనిపిస్తుంది, ఎందుకంటే మోటార్లు అలాగే కదులుతాయి.

నేను చేసే పద్ధతి చెప్తా, సెకనుకి 25 ఫ్రేముల లెక్కన. 0వ ఫ్రేములో ముందుగా బయటి రబ్బరు రింగు కదులుతుంది, దూరం తక్కువ. 3వ ఫ్రేములో గ్రిల్ బయల్దేరుతుంది, 5లో డ్రైవర్, 8లో పాసివ్ రేడియేటర్లు రెండూ పక్కలకి, 11లో బ్యాటరీ. ఒక్కోటీ దాదాపు 30 ఫ్రేములు ప్రయాణిస్తుంది, కానీ ఆ 30లో మొదటి 8 ఫ్రేముల్లోనే సగానికి పైగా దూరం అయిపోవాలి, మిగతా 22 ఫ్రేములు మెల్లగా ఆగుతూ ఉండాలి. గ్రాఫ్‌లో చూస్తే ఎడమవైపు నిటారుగా లేచి కుడివైపు పొడుగ్గా వాలిన గీత. ఆగే వైపు ఇన్‌ఫ్లుయెన్స్ 80 దగ్గర పెట్టు, బయల్దేరే వైపు 15, 20. బరువైన డ్రైవర్ కొంచెం నింపాదిగా కదలాలి, తేలికైన గ్రిల్ చురుగ్గా. అన్నీ ఒకే వేగంతో వెళ్తే అన్నీ ఒకే బరువున్నట్టు, ఇంకా చెప్పాలంటే బరువే లేనట్టు ఉంటాయి.

ఆ తర్వాత అందరూ వదిలేసేది ఇంకొకటుంది. విడిపోయాక పార్టుల్ని గాల్లో కదలకుండా నిలబెట్టకు. పూర్తిగా ఆగితే ఫొటో అతికించినట్టు ఉంటుంది. కెమెరాకి 2, 3 డిగ్రీల మెల్లని తిరుగుడు ఇవ్వు, పార్టులు కూడా అదే దిక్కులో కొద్దికొద్దిగా దూరమవుతూనే ఉండాలి. ఆ స్థితిలో కనీసం ఒకటిన్నర సెకను ఉంచు, డ్రైవర్ ఏదో బ్యాటరీ ఏదో కన్ను వెతుక్కోవాలి కదా. మూసుకునేటప్పుడు మాత్రం వచ్చిన టైములో సగమే, చివర్లో వేగం పెరుగుతూ వచ్చి టక్కున కలవాలి, అక్కడ మెల్లగా ఆపకు. ఎగిరిపడి వెనక్కొచ్చే ఓవర్‌షూట్ ఇలాంటి వస్తువుకి వద్దు, అది పిల్లల బొమ్మలకీ యాప్ ఐకాన్లకీ బాగుంటుంది.

టైమ్‌లైన్_తమ్ముడు
గీత గారూ మీ ఫ్రేముల లెక్క అలాగే పెట్టి చూశా, ఒక్కసారిగా మారిపోయింది! గ్రే మోడల్ చూసే క్లయింట్ ఓకే అన్నారు.

ఫొటోపొరలు
వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అని అడిగావా వాళ్ళని? ఇప్పుడు ప్రతివాళ్ళూ 1920 బై 1080 అని మొదలెట్టి చివర్లో నిలువు వెర్షన్ కూడా కావాలంటారు. 1080 బై 1920కి కోస్తే విడిపోయిన పార్టులు రెండు పక్కలా బయటికి పోతాయి. ముందే తెలిస్తే ఆ షాట్‌కి విడిగా నిలువు కెమెరా పెట్టుకోవచ్చు.

టైమ్‌లైన్_తమ్ముడు
అడిగాను, మీరన్నట్టే నిలువు కూడా కావాలట. పార్టులు పైకీ కిందకీ విడిపోయేలా ఇంకో యాక్షన్ (విడి కదలిక) చేస్తున్నా. ఇక లైటింగ్. స్పీకర్ ఒళ్ళంతా నలుపు, మ్యాట్ రబ్బరు, చుట్టూ ఒక ఆరెంజ్ రింగు. ఎంత లైటు పెట్టినా బూడిద రంగు ముద్దలా ఉంది, తగ్గిస్తే ఏమీ కనపడట్లేదు.

వెలుగునీడ
నల్ల వస్తువు మీద లైటు కొట్టి లాభం లేదు తమ్ముడూ, నలుపు లైటుని తాగేస్తుంది. నల్ల వస్తువు ఆకారం మనకి తెలిసేది దాంట్లో కనిపించే ప్రతిబింబం వల్లే. కాబట్టి లైటు వస్తువు మీద ఎంత పడుతోంది అని కాదు, వస్తువులో ఏం కనిపిస్తోంది అని ఆలోచించు. స్టూడియోలో ఫొటోగ్రాఫర్లు చేసేదీ అదే, పెద్ద సాఫ్ట్‌బాక్సులు, తెల్ల అట్టలు చుట్టూ పెట్టి వాటి అంచులు వస్తువు వంపుల మీద ఎక్కడ పడుతున్నాయో చూసుకుంటారు.

బ్లెండర్‌లో ముందు వరల్డ్‌ని (చుట్టూ ఉన్న నేపథ్య వెలుగు) పూర్తిగా నలుపు చెయ్యి. ఏరియా లైట్ ఒకటి, పొడుగ్గా సన్నగా, వస్తువుకి కొంచెం వెనకాల పక్కగా పెట్టు. అంచు వెంట తెల్లని గీత ఒకటి పడుతుంది, ఆ ఒక్క గీతతోనే ఆకారం సగం తెలిసిపోతుంది. రెండోవైపు ఇంకోటి, కానీ దానికంటే బాగా తక్కువ పవర్‌తో, రెండువైపులా సమానంగా ఉంటే బల్లపరుపుగా కనిపిస్తుంది. పైన పెద్ద ఏరియా లైట్, దానికి ఒక వైపు తెల్లగా మొదలై ఇంకోవైపు నల్లగా కరిగిపోయే గ్రేడియంట్ టెక్స్చర్ ఇవ్వు. గ్రేడియంట్ లేకపోతే పై భాగం మీద తెల్ల పలక అతికించినట్టు కనిపిస్తుంది, గ్రేడియంట్ ఉంటే వెలుగు మెల్లగా చీకట్లోకి జారుతుంది, వీళ్ళు ప్రీమియం ప్రీమియం అనేది చాలావరకు ఆ జారుడే. రబ్బరు రఫ్‌నెస్ (గరుకుదనం) 0.5 పైన ఉంచి, దాని మీద సన్నని నాయిస్ టెక్స్చర్‌తో అక్కడక్కడా రఫ్‌నెస్‌ని కొద్దిగా మార్చు. బేస్ కలర్ పూర్తి నలుపు 0 పెట్టకు, 0.02 చుట్టుపక్కల పెట్టు, లోకంలో పూర్తి నలుపు వస్తువంటూ లేదు.

చీకట్లోంచి బయటికొచ్చే మొదటి షాట్‌లో వస్తువుని కదపకు. లైటుని కదుపు. వెనకాల ఉన్న సన్న లైటు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి రెండు సెకన్లలో జరిగితే వెలుగు గీత వస్తువు వంపు మీద పాకుతూ ఆకారాన్ని గీసినట్టు ఉంటుంది. నా దృష్టిలో 30 సెకన్ల వీడియోలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఆ రెండు సెకన్లే.

పాలీగాన్_పిల్ల
రెడీమేడ్ హెచ్‌డీఆర్ఐలు కావాలంటే పాలీ హేవెన్ సైట్‌లో ఉన్నాయి, సీసీ0 లైసెన్స్, కమర్షియల్ పనికి కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. అన్న చెప్పిన లైట్లకి తోడుగా చాలా తక్కువ స్ట్రెంగ్త్‌లో స్టూడియో హెచ్‌డీఆర్ఐ ఒకటి కలిపితే నల్లగా చచ్చిపోయిన మూలల్లో కొంచెం ప్రాణం వస్తది.

టైమ్‌లైన్_తమ్ముడు
అన్నా ఆ లైటు జరిగే షాట్ రెండర్ పెట్టి చూశాను, నిజంగా స్పీకరేనా అన్నట్టుంది. రెండు సమస్యలు మాత్రం మిగిలాయి. ఒకటి, తిరిగే షాట్‌లో గ్రిల్ చిల్లులన్నీ మిణుకు మిణుకుమంటున్నాయి, చీమలు పాకుతున్నట్టుంది. రెండు, ఆరెంజ్ రింగు క్లయింట్ బ్రాండ్ రంగు, రెండర్‌లో అది వెలిసిపోయినట్టు వస్తోంది, కోడ్ కరెక్టుగానే ఇచ్చా.

రెండర్_రాత్రి
గ్రిల్ విషయం చెప్తా. చిల్లు ఒక పిక్సెల్ కంటే చిన్నదైపోతే ఒక ఫ్రేములో పిక్సెల్‌కి చిల్లు తగులుతుంది, తర్వాతి ఫ్రేములో ప్లాస్టిక్ తగులుతుంది, అదే మిణుకు. దానికి తోడు డీనాయిజర్ (రెండర్‌లో చుక్కల్ని తుడిచేది) ఒక్కో ఫ్రేముని విడివిడిగా చూసి ఊహిస్తుంది కాబట్టి ఒక్కో ఫ్రేములో ఒక్కోలా గీస్తుంది. స్టిల్‌కి 64 శాంపుల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వెలుగు ఎన్నిసార్లు లెక్కకట్టాలో) వేసి డీనాయిజ్ చేస్తే అద్భుతంగా ఉంటుంది, యానిమేషన్‌లో అదే పాకుతుంది. ఈ షాట్‌కి శాంపుల్స్ బాగా పెంచు, 512 నుంచి మొదలెట్టి చూడు, పిక్సెల్ ఫిల్టర్ వెడల్పు డిఫాల్ట్‌గా 1.5 ఉంటుంది, దాన్ని 2 చెయ్యి, కొంచెం మెత్తబడుతుంది. అయినా తగ్గకపోతే దూరపు షాట్లలో నిజం చిల్లులు తీసేసి మామూలు ముదురు ఉపరితలం పెట్టి చిల్లుల బొమ్మ టెక్స్చర్‌గా వెయ్యి, దగ్గరి షాట్‌లో మాత్రమే నిజం చిల్లులు. మోషన్ బ్లర్ ఆన్ చేశావా? బ్లెండర్‌లో షట్టర్ 0.5 అంటే సినిమా కెమెరా 180 డిగ్రీల షట్టర్‌తో సమానం, తిరిగేటప్పుడు అది కూడా మిణుకుని కొంత మింగేస్తుంది.

ముందు పది ఫ్రేములు మాత్రం రెండర్ చేసి ఆడించి చూడు, మొత్తం షాట్ పెట్టకు. ఇంకోటి, ఎంపీ4గా నేరుగా రెండర్ చెయ్యకు, ఫ్రేములుగా ఓపెన్ఈఎక్స్ఆర్ (ఈఎక్స్ఆర్) బొమ్మల ఫార్మాట్‌లో తియ్యి. మధ్యలో కరెంటు పోయినా, కార్డు వేడెక్కి ఆగినా, అక్కడిదాకా అయినవి అలాగే ఉంటాయి, ఆగిన ఫ్రేము నుంచి మళ్ళీ మొదలెట్టుకోవచ్చు. వీడియో ఫైల్ మధ్యలో ఆగితే చాలాసార్లు ఏదీ మిగలదు.

పాలీగాన్_పిల్ల
రంగు సంగతి నాది. బ్లెండర్ 4.0 నుంచి, అంటే 2023 నుంచి, డిఫాల్ట్ వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (రెండర్ వెలుగుల్ని స్క్రీన్ రంగులుగా మార్చే పద్ధతి) ఏజీఎక్స్, అంతకుముందు ఫిల్మిక్. రెండూ మెరుపుల్ని నిజం కెమెరాలాగా మెత్తగా కుదించడానికి చేసినవి, ఆ క్రమంలో గాఢమైన రంగులు కొంచెం వెలుస్తాయి. రెండర్ పోయినట్టు కాదు, దాని పద్ధతే అంత. స్టాండర్డ్‌కి మారిస్తే ఆరెంజ్ కోడ్‌కి దగ్గరగా వస్తది కానీ మెరుపులు తెల్లగా పగిలిపోతాయి. నేనైతే ఏజీఎక్స్‌లోనే ఉంచి క్రిప్టోమ్యాట్ పాస్ ఆన్ చేస్తా, ఈఎక్స్ఆర్‌లో ప్రతి మెటీరియల్‌కి విడిగా మాస్క్ వస్తది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆ రింగు మాస్క్ ఒక్కటే తీసుకుని శాచురేషన్ పెంచుతా. లోగో, టెక్స్ట్ మాత్రం బ్లెండర్‌లోంచి అసలు పంపించకు, అవి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనే వెయ్యి, అప్పుడు బ్రాండ్ రంగు ఇచ్చింది ఇచ్చినట్టు వస్తది.

క్లయింట్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచు, నీడలో ఉన్న ఆరెంజూ వెలుగులో ఉన్న ఆరెంజూ కోడ్‌తో సరిపోలవు, నిజం స్పీకర్ మీద కూడా సరిపోలవు.

టైమ్‌లైన్_తమ్ముడు
గ్రిల్‌కి దూరం షాట్లో టెక్స్చర్ పెట్టేశా, మిణుకు పోయింది. రింగు మాస్క్ కూడా బాగా పనిచేసింది. ఇప్పుడు టెక్స్ట్. వీడియో తెలుగులో కావాలి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో తెలుగు టైప్ చేస్తే ఒత్తులు ఊడిపోయి పక్కన పడుతున్నాయి.

ఫొటోపొరలు
ప్రిఫరెన్సెస్‌లో టైప్ సెక్షన్ ఉంటుంది, అక్కడ టెక్స్ట్ ఇంజన్ సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ ఉందేమో చూసుకో, లాటిన్ మీద ఉంటే ఒత్తులు కలవవు. కొత్త ప్రాజెక్ట్‌లో కొత్త టెక్స్ట్ లేయర్‌తో చూడు. ఫాంట్ యూనికోడ్‌ది అయ్యుండాలి. టెక్స్ట్ యానిమేటర్‌లో మాత్రం అక్షరం అక్షరం ఊడిపడే ప్రీసెట్లు వాడకు, అది అక్షరాన్నీ ఒత్తునీ గుణింతాన్నీ విడదీసి వేర్వేరు దిక్కుల్లో విసిరేసే ప్రమాదముంది. బేస్డ్ ఆన్ దగ్గర వర్డ్స్ అని పెట్టి మాట మాటగా రానివ్వు. నాకైతే లైన్ మొత్తాన్ని కింద నుంచి మాస్క్‌లోంచి పైకి లేపడమే తెలుగుకి అందంగా అనిపిస్తుంది, పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి కాబట్టి మాస్క్‌ని రెండువైపులా కొంచెం వదులుగా పెట్టాలి, లేకపోతే ఒత్తు తెగిపోతుంది.

గ్రాఫ్_గీత
తెలుగు లైన్ చదవడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూసుకో. స్క్రీన్ మీద కొత్త లైన్ వచ్చాక పైకి రెండుసార్లు నిదానంగా చదువు, ఆ రెండోసారి పూర్తయ్యేదాకా లైన్ ఉండాలి. నీకు ఆ లైన్ ముందే తెలుసు, చూసేవాడికి తెలీదు. టెక్స్ట్ చదివే ఆ సమయంలో స్పీకర్ పెద్దగా కదలకూడదు, కన్ను ఒక్కచోటే ఉంటుంది.

చెవి_పెట్టు
ఇంతమంది ఇంత చెప్పారు, సౌండ్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు, అదీ స్పీకర్ వీడియోకి! మ్యూజిక్ ఒక్కటీ పెట్టి వదిలెయ్యకు తమ్ముడూ. రింగు ఊడేటప్పుడు చిన్న క్లిక్, పార్టులు జరిగేటప్పుడు మెత్తని గాలి శబ్దం, మూసుకున్నప్పుడు కింది ఫ్రీక్వెన్సీలో ఒక బరువైన దబ్, అప్పుడే మ్యూజిక్‌లో బేస్ మొదలవ్వాలి. సైజుకి మించి బేస్ అన్న పాయింట్ నువ్వు టెక్స్ట్‌లో బల్లగుద్ది చెప్పక్కర్లేదు, ఆ దబ్ చెప్పేస్తుంది. దానికి ముందు అర సెకను మ్యూజిక్ మొత్తం ఆపేస్తే ఇంకా బలంగా తగులుతుంది.

సింక్ గురించి. సౌండ్ బొమ్మకంటే ముందొస్తే మనం తొందరగా పసిగడతాం, వెనకొస్తే కొంచెం ఓర్చుకుంటాం. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) వాళ్ళ బీటీ 1359 సిఫార్సులో తేడా తెలిసే హద్దులు సౌండ్ ముందైతే దాదాపు 45 మిల్లీసెకన్లు, వెనకైతే దాదాపు 125 అని ఉంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు, కాబట్టి కలిసే ఫ్రేము మీదే పెట్టు, అనుమానం వస్తే ఒక ఫ్రేము ఆలస్యంగా రానివ్వు, ముందుగా మాత్రం వద్దు. ఫోన్ స్పీకర్లో కింది ఫ్రీక్వెన్సీ వినపడదు కాబట్టి ఆ దబ్‌లో పైన కొంచెం టక్‌మనే శబ్దం కలుపు, ఫోన్‌లో కూడా విని చూసుకో. సౌండ్ ఆపేసి చూసేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకి టెక్స్ట్ చాలాలి.

టైమ్‌లైన్_తమ్ముడు
అన్నా ఆ అర సెకను నిశ్శబ్దం ఐడియా క్లయింట్‌కి తెగ నచ్చింది. ఇంకో చిన్నది, వాళ్ళ సైట్‌లో పెట్టుకోడానికి ఆగకుండా తిరిగే లూప్ కూడా అడిగారు. 0 నుంచి 360 డిగ్రీలు తిప్పా, కలిసే చోట చిన్న కుదుపు వస్తోంది.

గ్రాఫ్_గీత
మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకటే అయిపోయి ఆ బొమ్మ రెండుసార్లు వస్తోంది, అందుకే కుదుపు. 120 ఫ్రేముల లూప్ కావాలంటే 0 డిగ్రీల కీ 1వ ఫ్రేములో, 360 కీ 121వ ఫ్రేములో పెట్టి, రెండర్ 1 నుంచి 120 వరకే చెయ్యి. ఇంటర్‌పొలేషన్ లీనియర్ (మొదట్నుంచి చివరిదాకా ఒకే వేగం), ఇక్కడ ఈజ్ ఉండకూడదు. మోషన్ బ్లర్ ఉంటే యానిమేషన్ 1కి ముందూ 121 తర్వాతా కూడా అదే వేగంతో సాగుతున్నట్టు ఎక్స్‌ట్రాపొలేషన్ పెట్టు, లేకపోతే మొదటి ఫ్రేములో బ్లర్ తేడాగా వస్తుంది.

టైమ్‌లైన్_తమ్ముడు
లూప్ అతికినచోటు ఎక్కడో ఇప్పుడు నాకే తెలీట్లేదు, థాంక్యూ. రెండర్ అంతా అయిపోయింది, కంపోజిటింగ్‌లో ఉన్నా. వెనకాల ముదురు నీలం గ్రేడియంట్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో వేశా, రెండర్ ట్రాన్స్‌పరెంట్‌గా తీశా. గ్రేడియంట్‌లో మెట్లు మెట్లుగా పట్టీలు కనిపిస్తున్నాయి, స్పీకర్ చుట్టూ సన్నటి నల్ల అంచు కూడా ఉంది. ఈ రెండూ తీరితే పంపించేస్తా.

రెండర్_రాత్రి
పట్టీలకి ప్రాజెక్ట్ ప్యానెల్ కింద 8 బీపీసీ (ఒక్కో రంగు ఛానెల్‌కి ఎన్ని బిట్లో) అని ఉంటుంది చూడు, ఆల్ట్ పట్టుకుని దాని మీద క్లిక్ చేస్తే 16 అవుతుంది. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, ముదురు గ్రేడియంట్ వాటిలో కొన్నే వాడుకుంటుంది కాబట్టి మెట్లు కనపడతాయి. ఫైనల్ హెచ్264 వీడియో ఎలాగూ 8 బిట్‌కే వస్తుంది కాబట్టి అన్నిటికంటే పైన అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి నాయిస్ 1 లేదా 2 శాతం ఇవ్వు, ఆ గరుకుదనం మెట్ల అంచుల్ని చెరిపేస్తుంది. బిట్‌రేట్ మరీ తక్కువ పెడితే ఎన్‌కోడర్ ఆ నాయిస్‌ని తుడిచేసి పట్టీలు మళ్ళీ తెస్తుంది, అందుకని బిట్‌రేట్ దగ్గర పిసినారితనం వద్దు.

నల్ల అంచు ఆల్ఫాది (పారదర్శకత చెప్పే ఛానెల్). బ్లెండర్ ఈఎక్స్ఆర్‌ని ప్రీమల్టిప్లైడ్‌గా (రంగుని ఆల్ఫాతో ముందే గుణించి) రాస్తుంది, పీఎన్‌జీ అయితే స్ట్రెయిట్ (గుణించకుండా). ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఈఎక్స్ఆర్‌ని స్ట్రెయిట్ అనుకుంటే అంచుల్లో నలుపు మిగులుతుంది. ఫుటేజ్ సెలెక్ట్ చేసి ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లోకి వెళ్ళి ప్రీమల్టిప్లైడ్, మ్యాటెడ్ విత్ కలర్ దగ్గర నలుపు పెట్టు. అన్ని సీక్వెన్సులకీ చెయ్యాలి, నిలువు వాటికి కూడా.

టైమ్‌లైన్_తమ్ముడు
నల్ల అంచు పోయింది, పట్టీలు పోయాయి. నిలువు వెర్షన్‌లో రెండు సీక్వెన్సులకి ఇంకా మార్చాలి, అవి మార్చి ఈ రాత్రికే ఎక్స్‌పోర్ట్ పెట్టేస్తున్నా. లైటు జరిగే షాట్ బ్లెండర్ ఫైల్ క్లయింట్ మోడల్ తీసేసి, దాని బదులు మామూలు గుండ్రటి డబ్బా పెట్టి ఇక్కడ అప్‌లోడ్ చేస్తా, లైట్ల సెటప్ ఎవరికైనా పనికొస్తుంది.

వెలుగునీడ
తప్పకుండా పెట్టు తమ్ముడూ. లైట్లకి పేర్లు పెట్టి పెట్టు, ఏరియా డాట్ 001, 002 అని వదిలేస్తే తెరిచినవాళ్ళకి ఏది ఏ గీత గీస్తుందో తెలీదు.